నాలుగు, రెండు, నాలుగు: ఆ రెండులో నేను

నాకు ఉద్యోగం ఇచ్చింది నా చేతిరాత చూసి కాదు, కుడికాలు చూసి. గన్‌ఫౌండ్రీ అనే పేటలో మా ఆఫీసు. ఆ ఆఫీసుకి ఒక ఫుట్‌బాల్ జట్టు. హైదరాబాదులో ఆ రోజుల్లో జట్టు లేని ఆఫీసంటే అందరికీ లోకువే. బెజవాడలో నేను ఆడుతుంటే ఎవరో చూసి కబురు పెట్టారు. రాష్ట్రం ఏర్పడి అప్పటికి నాలుగైదేళ్ళు అయివుంటుంది. నాంపల్లి స్టేషన్లో దిగేటప్పటికి నా ట్రంకుపెట్టెలో మూడు చొక్కాలు, ఒక జత బూట్లు ఉన్నాయి. పొగరు మాత్రం పెట్టెలో పట్టక ఒంటి మీదే వేసుకుని వచ్చాను.

పోస్టు గుమస్తాది, టెంపరరీ. మూడేళ్ళు ఆడాక మా ఆఫీసరుగారు బాగానే ఆడుతున్నాడని ఒక కాగితం మీద రాస్తే పర్మనెంటు అవుతుంది. రాయకపోతే పెట్టె సర్దుకుని బెజవాడ బండెక్కాలి. మొదటి రెండేళ్ళు నాకు ఆ ఆలోచనే లేదు. ముందు వరసలో అయిదుగురం ఫార్వర్డులం ఆడేవాళ్ళం. మాలో ఎనిమిదో నంబరు చొక్కా నాది. గోల్స్ పడుతూనే ఉండేవి. గోల్ వేసిన మర్నాడు ఆఫీసులో ఎవరో ఒకరు మొజంజాహీ మార్కెట్‌కి లాక్కెళ్ళి ఐస్‌క్రీం తినిపించేవారు. ఆ ధీమాతోనే పెళ్ళి చేసుకున్నాను, నాంపల్లిలో ఒక గది, వంటిల్లు కిరాయికి తీసుకున్నాను.

మూడో ఏడు మాకు కొత్త కోచ్ వచ్చాడు. అరవై దాటిన మనిషి, బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి దిగిపోయినవాడు. తెల్ల పైజామా, చేతిలో గొడుగు. అందరూ ఉస్తాద్ అనేవారు. ఆయనకి కోపం వస్తే గొంతు పెరిగేది కాదు, తగ్గేది. నాకేమో కోపం వస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఇద్దరికీ ఎలా కుదురుతుందో చూద్దామని జట్టంతా సరదాగా ఎదురుచూసింది.

మొదటి రోజు తెల్లవారుజామున ఎగ్జిబిషన్ మైదానంలో మమ్మల్ని వరసగా నిలబెట్టి, "అందరు చెప్పులు ఇడిచి గీడ పెట్టున్రి" అన్నాడు. ఆటకి ముందు పూజేదో చేయిస్తాడనుకున్నాం. గోలీ కూడా విప్పబోతే, "నీయి వద్దు బిడ్డా, నువ్వు యాడికి పోతవు, గోల్ కాన్నే ఉంటవు" అన్నాడు. పది జతలు పోగయ్యాయి. గొడుగు మొనతో మట్టిలో గీతలు గీసి, ఎడమకాలి చెప్పులన్నీ ఒక సగంలో, కుడికాలి చెప్పులన్నీ ఇంకో సగంలో పేర్చడం మొదలుపెట్టాడు.

"ఎడమవి మనయి. కుడివి ఆళ్ళయి" అన్నాడు.

అవతలివాళ్ళ చెప్పులు అందరికీ తెలిసిన పద్ధతిలోనే పెట్టాడు. వెనక ముగ్గురు బ్యాకులు, వాళ్ళ ముందు ఇద్దరు, ఆ ముందు అయిదుగురు. మేమూ అప్పటిదాకా అలాగే ఆడేవాళ్ళం. ఇక మావి పెట్టాడు. వెనక నాలుగు, మధ్యలో రెండు, ముందు నాలుగు. మధ్యవాళ్ళలో ఒకణ్ణి తీసి బ్యాకుల్లో కలిపాడు. ఆ ఖాళీలోకి ముందు వరసలోంచి ఒక చెప్పు తీశాడు. పది రోజుల క్రితం ఆబిడ్స్‌లో కొన్న చెప్పు అది, ఇంకా మెరుపు పోలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తీసుకెళ్ళి మధ్యలో పెట్టాడు.

"ఉస్తాద్, అది నాదండీ" అన్నాను.

"ఔ, తెలుసు. గందుకే గాడ పెట్టిన."

"నేను ఫార్వర్డునండీ!"

"ఉంటివి. ఇయ్యాల్టి సంది కాదు."

నా గొంతు స్టేషన్లో కూలీలకి కూడా వినిపించి ఉంటుంది. జట్టులో ఎక్కువ గోల్స్ వేసేవాణ్ణి వెనక్కి లాగే కోచ్‌ని నేనెక్కడా చూడలేదన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన నేను అలిసిపోయేదాకా ఆగి, గొడుగు మొనని ముందు వరస మీద పెట్టాడు.

"ఆళ్ళ బ్యాకులు ఎందరు?"

"ముగ్గురు."

"మన ఫార్వర్డులు?"

"నలుగురు."

"ముగ్గురు కల్సి నలుగురిని పట్టాలె. ఎట్ల పడ్తరు? ఒకడు మిగుల్తడు. ఆ మిగిలినోడు ఎవడో ఆళ్ళకు తెల్వకుంట చెయ్యాలె. గంతే ఆట."

ఇద్దరు వింగర్లూ చెరో పక్క గీతని అంటిపెట్టుకుని ఉంటారట. వాళ్ళ కోసం అవతలి బ్యాకులు చెరో వైపుకీ జరుగుతారు. మధ్యలో ఒక్క బ్యాకు మిగులుతాడు, వాడి మీదకి మావాళ్ళిద్దరు. గొడుగుతో ఆ చెప్పుల్ని జరుపుతుంటే ఆ సందు నా కళ్ళముందే తెరుచుకుంది. కోపంలో ఉన్నాను కాబట్టి బాగుందని ఒప్పుకోలేదు.

నాతోపాటు మధ్యలో మిగిలిన రెండోవాడు మెదక్ నుంచి వచ్చిన క్రైస్తవుడు. సికింద్రాబాదులో కాపురం. ఆదివారం ప్రార్థన ముగించుకుని సైకిల్ మీద నేరుగా మైదానానికి వచ్చేవాడు. నా అంత మాటలు రావు గాని, అడగవలసింది అడిగేవాడు. "మరి ఆళ్ళు ముందల అయిదుగురున్నరు కద ఉస్తాద్, మనకు ఎనుక నలుగురే?" అన్నాడు.

ఉస్తాద్ ముఖం వెలిగిపోయింది. "గదీ ప్రశ్న! ఆ అయిదోడు మీ ఇద్దర్ల ఒకడు. బంతి మన కాడుంటే ఒకడు మీదికి పోతడు, ముందల అయిదుగురు అయితరు. బంతి పోతే ఒకడు కిందికొస్తడు, ఎనుక అయిదుగురు అయితరు. బాయి గిరకకు రెండు బొక్కెనలుంటయి, చూసిన్రా? ఒకటి మీదికొస్తే ఒకటి కిందికి పోతది. రెండు కల్సి మీదికి రావు. మీరిద్దరు కల్సి మీదికి పోయిన్రనుకో, ఇగ బాయిల పడ్డట్టే."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి వార్త నాకన్నా ముందే చేరిపోయింది. మా ఆవిడ కంచం పెడుతూ, "మిమ్మల్ని వెనక్కి జరిపారటగా. ఏం తప్పు చేశారండీ?" అంది. తప్పేం లేదు, అదొక పద్ధతి అన్నాను. "పద్ధతి అయితే మిమ్మల్నే ఎందుకు జరిపారు?" అంది. ఆకలి లేదని లేచిపోయాను.

మొదటి రెండు మ్యాచ్‌ల్లో నన్ను అడవిలో వదిలేసినట్టు అనిపించింది. మూడోదాంట్లో మాత్రం ఏదో జరిగింది. మా బ్యాకు కాలి నుంచి బంతి నా దగ్గరికి వచ్చింది. దాన్ని ఆపి ఒక్కసారి వెనక్కి తిరిగాను. ఎదురుగా మావాళ్ళు నలుగురూ మైదానం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పరుచుకుని ఉన్నారు. ఎడమ వింగరు చెయ్యెత్తాడు. వాడి కోసం అవతలి బ్యాకు పక్కకి జరిగాడు. ఆ జరగడం నేను చూశాను! చెప్పులు జరిగినట్టే జరిగాడు. వాడు వదిలేసిన సందులోకి బంతిని తోశాను. మా సెంటర్ ఫార్వర్డు దాని మీదకి దూకాడు. గోల్! మైదానం మధ్యలో నిలబడి పిచ్చివాడిలా నవ్వాను. ఇన్నేళ్ళూ ఫార్వర్డుగా నేను చూసింది గోలు స్తంభాలు రెండే. ఇరవై రెండు మంది ఎటు కదులుతున్నారో, ఎవడు కదిలితే ఎక్కడ ఖాళీ పడుతుందో, ఆ సంగతులన్నీ నాకు ఆ రోజే తెలిశాయి.

ఆ తర్వాత ఆగలేదు. నేనూ మెదక్ మిత్రుడూ మాట్లాడుకోకుండానే వంతులు వేసుకునేవాళ్ళం. వాడు కదిలాడంటే నేను ఆగేవాణ్ణి. నేను పరిగెడితే నా వెనక వాడున్నాడని తిరిగి చూడకుండానే తెలిసేది. నాలుగు గోల్స్, అయిదు గోల్స్ తేడాతో గెలిచిన రోజులున్నాయి. నేను ఒక్కటీ వెయ్యలేదు. ఐస్‌క్రీంలకి ఇప్పుడు సెంటర్ ఫార్వర్డుని లాక్కెళ్తున్నారు. నాకు కొంచెం గుచ్చుకునేది. కాని ఆట మొదలయ్యిందంటే ఆ సంగతే గుర్తుండేది కాదు.

ఆఫీసుల కప్పు సెమీఫైనల్ రెండు రోజులుందనగా ఆఫీసరుగారు నన్ను లోపలికి పిలిచారు. మంచి మనిషి, మా గుంటూరు వైపాయనే. బంతి గుండ్రంగా ఉంటుందన్నది మినహా ఆటలో ఇంకేం తెలియదు. ఎదురుగా ఒక కాగితం ఉంది.

"కాలికేమైనా దెబ్బ తగిలిందా?" అన్నారు ఎంతో ఆప్యాయంగా.

"లేదండీ."

"పోయినేడు పదకొండు గోల్స్. ఈ ఏడు సున్నా. ఇది సోమవారం పైకి పంపాలి. ఏం రాయమంటావు?"

"ఇప్పుడు నా పని వేరండీ. మధ్యలో ఆడుతున్నాను. గోల్ వేసేవాళ్ళకి బంతి అందిస్తాను."

"అలా అంటే ఎట్లా? నిన్ను తీసుకున్నది ఫార్వర్డుగా. ఆర్డరులో అదే ఉంది."

"గోలీ కూడా ఒక్క గోలూ వెయ్యలేదు కదండీ!"

"ఆయన్ని తీసుకున్నది గోలీగా" అన్నారు. అంతే. ఆయన దృష్టిలో రికార్డు కీపరుగా చేరినవాడు టైపు చెయ్యకపోయినా ఫరవాలేదు గాని, టైపిస్టుగా చేరి టైపు చెయ్యకపోతే ఎలా? ఆఫీసు లెక్కలో ఆయన మాట నూటికి నూరుపాళ్ళూ సబబే. అందుకే నాకు ఏడుపొచ్చింది. బయటికి వస్తుంటే వెనక నుంచి, "ఇంకా రెండాటలున్నాయిగా, నాలుగు వెయ్యవయ్యా" అని ధైర్యం కూడా చెప్పారు.

సెమీఫైనల్లో నాకు మతిపోయింది. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. మేం ఒక గోల్ ముందున్నాం. మెదక్ మిత్రుడు బంతి పట్టుకుని పైకి వెళ్ళాడు. నేను ఆగాలి. ఆగలేదు. నాక్కావాలి, ఒక్కటైనా కావాలి, కాగితం మీద ఆ సున్నా పోవాలి అనుకుంటూ నేనూ పరిగెత్తాను. బంతి వాళ్ళకి దొరికింది. వెనక్కి తిరిగి చూస్తే నేనుండవలసిన చోట మైదానం ఖాళీగా ఉంది. వాళ్ళు నడుచుకుంటూ వెళ్ళినంత హాయిగా వెళ్ళి గోల్ వేశారు. చివరికి మా వింగరు ఎలాగో ఒకటి కొట్టి గట్టెక్కించాడు గాని, ఆ ఘనతలో నా వంతేమీ లేదు.

బూట్లు విప్పుతుంటే ఉస్తాద్ వచ్చి పక్కన కూర్చున్నాడు. గొంతు ఎంత తగ్గిందంటే వినడానికి వంగాల్సి వచ్చింది.

"ఏమైంది బిడ్డా? ఆట తెల్వనోడు చేసే తప్పు గాదిది. ఆట తెల్సినోడివి, చేసినవు."

అంతా కక్కేశాను. కాగితం, సున్నా, సోమవారం, ఇంట్లో మా ఆవిడకి అయిదో నెల, అన్నీ. మీవల్లే ఇదంతా అని కూడా అన్నాను. ఫార్వర్డుగా ఉంచి ఉంటే ఈపాటికి పది వేసేవాణ్ణన్నాను. మెదక్ మిత్రుడు అక్కడే సైకిల్ తాళం తీస్తూ విన్నాడు. "అన్నా, ఫైనల్ల నువ్వే మీదికి పో. మొత్తం ఆట నేను కిందనే ఉంట" అన్నాడు. ఆ మాటకి నా కోపం సగం దిగిపోయింది.

"నువ్వు నోర్ముయ్యి" అన్నాడు ఉస్తాద్ వాడితో. నా వైపు తిరిగి, "ఫైనల్ శనివారం. నీ సాబు సోమవారం రాస్తడు. మధ్యల ఒక దినం ఉన్నది, బహుత్ అయితది. నువ్వు నీ జాగల ఉండు. నీ సాబు ఫికర్ నాది" అన్నాడు. ఏం చేస్తారని అడిగాను. గొడుగు తీసుకుని లేచి వెళ్ళిపోయాడు.

ఫైనల్ ఫతే మైదాన్‌లో. హిమాయత్‌నగర్ నుంచి, ఆబిడ్స్ నుంచి ఆఫీసులన్నీ కట్టగట్టుకుని వచ్చాయి. బరిలోకి దిగుతూ చూస్తే మా ఆఫీసరుగారు ముందు వరసలో కూర్చుని ఉన్నారు. పక్కనే ఉస్తాద్, గొడుగు ఒళ్ళో పెట్టుకుని.

ఆట మొదలైన పది నిమిషాలకే మేం గోల్ వేశాం. కుడి వింగరు గీత వెంట వెళ్ళి అవతలి బ్యాకుని కూడా తనతో లాక్కుపోయాడు. నేను బంతిని ఎడమవైపుకి మార్చాను. అక్కడ మావాడు ఒంటరిగా ఉన్నాడు. ఒక్క తాపు! జనం గోలకి పావురాలు లేచిపోయాయి. ఆ తర్వాత వాళ్ళు కార్నర్ మీద ఒకటి తలతో కొట్టి సమం చేశారు. మళ్ళీ మేం ఒకటి. మళ్ళీ వాళ్ళు పెనాల్టీ మీద ఒకటి. అయిదు నిమిషాల ఆటుందనగా రెండూ రెండు. చొక్కాలు పిండితే నీళ్ళు కారేటట్టున్నాయి.

మాకు కార్నర్ దొరికింది. వంతు మెదక్ మిత్రుడిది, పైకి వెళ్ళాడు. నేను మైదానం సగం గీత దాటి, వాళ్ళ గోలుకి ముప్ఫై గజాల ఇవతల నిలబడ్డాను. కార్నర్ నుంచి లేచిన బంతిని వాళ్ళ బ్యాకు తలతో నెట్టాడు. అది గుంపులోంచి బయటపడి, నేలమీద ఒకసారి ఎగిరి, నాకు ఎదురుగా పదిహేను అడుగుల దూరంలో ఆగినట్టే ఆగింది. కుడికాలికి సరిగ్గా సరిపోయే బంతి. బెజవాడలో ఇలాంటివి వందసార్లు కొట్టాను. ఒక అడుగు వేశాను. రెండో అడుగు వేశాను. వాళ్ళ మనిషి కూడా అటే వస్తున్నాడు. నాకే దొరుకుతుందేమో. దొరక్కపోతే? నా వెనక వాళ్ళ ఫార్వర్డులిద్దరు కాచుకుని ఉన్నారు, నా జోడీ పైనున్నాడు. దేవుడా, అని పైకే అన్నాను. ఆగిపోయాను. తిరిగి వెనక్కి పరిగెత్తాను.

ఆ బంతి వాళ్ళవాడికే దొరికింది. బలంగా నా తల మీదుగా కొట్టాడు. వాళ్ళ ఫార్వర్డు దాన్ని అందుకునేసరికి వాడి ఎదురుగా నేనున్నాను. మీదపడలేదు. మీదపడితే తప్పించుకుపోతాడు. అడ్డంగా ఉంటూ, వెనక్కి నడుస్తూ, వాణ్ణి పక్క గీత వైపుకి తోలుకుపోయాను. ఈలోగా మా బ్యాకు వచ్చేశాడు. వాడికి ఇంక దారిలేక తన జోడీకి బంతి ఇవ్వబోయాడు. కాలు చాపాను. బంతి నాదయింది!

తలెత్తాను. గోల్ వేద్దామన్న ఆత్రంలో వాళ్ళంతా సగం గీత దాటి వచ్చేశారు. వెనక ఇద్దరే బ్యాకులు, మావాళ్ళు అక్కడ నలుగురు. కుడి గీత మీద మా వింగరు రెండు చేతులూ ఊపుతున్నాడు. ఉన్న బలమంతా పెట్టి వాడి ముందుకి కొట్టాను. వాడు నాలుగంగల్లో అందుకుని మధ్యలోకి కొట్టాడు. సెంటర్ ఫార్వర్డు వచ్చాడు. గోల్!

మైదానం బద్దలైపోయింది. అందరూ అటు పరిగెత్తారు. మెదక్ మిత్రుడు పైనే ఉన్నాడు కాబట్టి నేను నా చోటు వదల్లేదు. అరుస్తూ, గాల్లోకి ఎగురుతూ అక్కడే ఉన్నాను. అప్పుడు జనం వైపు చూశాను. వేలమంది లేచి నిలబడి గోలు వైపు చూస్తూ గంతులేస్తున్నారు. ఒకే ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. మా ఆఫీసరుగారు. తిన్నగా నా వైపే చూస్తున్నారు. అయిపోయింది, వీడు పరిగెత్తనైనా పరిగెత్తడం లేదని రాసుకుంటున్నారు అనుకున్నాను.

ఆట ముగిసింది, కప్పు మాదైంది. గోల్స్ వేసిన ముగ్గుర్నీ జనం భుజాలకెత్తుకున్నారు. నేను సున్నంగీత దగ్గర కూర్చుని బూటు ముడి విప్పుకుంటున్నాను. ఎదురుగా పాలిష్ చేసిన బూట్లు వచ్చి ఆగాయి. లేచి నిలబడ్డాను.

"ఆ చివర్లో రెండడుగులు ముందుకేసి ఆగిపోయావు. ఎందుకయ్యా?" అన్నారు ఆఫీసరుగారు.

"నా జోడీ పైకి వెళ్ళాడండీ. ఇద్దరం వెళ్ళకూడదు."

"అదే! నేనూ అదే అనుకున్నాను!" అని ఆయన పసిపిల్లవాడిలా చప్పట్లు కొట్టారు. "మీ ఉస్తాద్ నిన్న పొద్దున్నే మా ఇంటికొచ్చి కూర్చున్నాడయ్యా. సాబ్, ఒక్క ఆట, బంతి వంక చూడొద్దు, ఎనిమిదో నంబరు వంకే చూడండి, ఆపైన మీ ఇష్టం వచ్చింది రాసుకోండి అన్నాడు. నేను బంతి వైపు తిరిగినప్పుడల్లా గొడుగుతో పొడిచాడు. ఇదిగో, చెయ్యి చూడు."

ఉస్తాద్ ఆ పక్కనే నిలబడి ఆకాశంలో మబ్బుందా అని చూస్తున్నాడు. ఆఫీసరుగారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"సోమవారం నీ ఆర్డరులో ఫార్వర్డు అన్న మాట కొట్టేస్తాను. ఆ చోట ఏం రాయాలో ఆయన్నే అడుగుతాలే. పర్మనెంటు అని మాత్రం నేనే రాస్తాను" అన్నారు. అని, కొంచెం దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకూడదన్నట్టు, "అన్నట్టు, మనవాళ్ళ గోల్స్ ఎవరెవరు వేశారయ్యా? నేను ఒక్కటీ చూళ్ళేదు" అని అడిగారు.

చెబుదామని నోరు తెరిచాను. నా గొంతు వీధి చివరిదాకా వినపడుతుందని గుర్తొచ్చి మూసేశాను. జనం భుజాల మీద ఊగుతున్న ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని వేలుపెట్టి చూపించాను.